రాయాలనుకునేవాళ్లూ... ఈ తొమ్మిది సంగతులు మీకు తెలుసా?

జర్నలిస్టు కావాలంటే పరిచయాలుండాలనీ, పెద్ద నగరంలో ఉండాలనీ, ఇంగ్లిష్ గడగడా మాట్లాడాలనీ అనుకుని ఎంతోమంది పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఆగిపోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఈ వృత్తికి కావాల్సిన సరంజామా చాలావరకు వాళ్ల చేతికందే దూరంలోనే ఉంది.

1. పత్రికా స్వేచ్ఛకు మన రాజ్యాంగంలో విడిగా అధికరణమే లేదని మీకు తెలుసా?
పౌరులందరికీ 19(1)(ఎ) ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలోనే అదీ ఇమిడి ఉందని సుప్రీంకోర్టు 1950 నాటి తీర్పుల నుంచీ చెబుతోంది. అంటే పెద్ద పత్రిక సంపాదకుడికి ఉన్న హక్కే డిగ్రీ చదువుతున్న మీకూ ఉంది. ప్రెస్ కార్డు కొన్ని గేట్లు దాటిస్తుంది, అంతే. ప్రశ్నించే హక్కు మీకు పౌరసత్వంతోనే వచ్చింది.

2. పరిశోధనాత్మక కథనానికి తొలి పెట్టుబడి 10 రూపాయలు మించదని తెలుసా?
సమాచార హక్కు చట్టం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకళ్లకు విడిగా కట్టాలి. సమాధానం 30 రోజుల్లో రావాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన విషయమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి.
ఇక్కడొక మెళకువ ఉంది. ఈ చట్టం ఇప్పించేది రికార్డుల్లో ఉన్న సమాచారాన్ని మాత్రమే. ‘మా ఊరి రోడ్డు ఎందుకు పాడైంది?’ అని రాస్తే జవాబు రాకపోవచ్చు. ‘ఆ రోడ్డు అంచనా పత్రం, ఎం-బుక్ (కొలతల పుస్తకం), చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి’ అని రాస్తే ఆ కాగితాలే రోడ్డు కథ చెబుతాయి.

3. ఒక అవమానానికి ఒక సంపాదకుడు 354 మంది పేర్లతో జవాబిచ్చాడని తెలుసా?
తెలంగాణలో కవులే లేరన్నట్టుగా ఒకరు రాసిన మాట గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డిని నొప్పించింది. ఆయన కోపంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. మీ వాదన ఎంత న్యాయమైనదైనా, దాన్ని నిలబెట్టేది మీరు సేకరించిన ఆధారమే.

4. రైతుల మాటలకు 1962లోనే నిఘంటువు వచ్చిందని తెలుసా?
భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ తెచ్చింది. మొదటి సంపుటం వ్యవసాయం, 1971లో వచ్చిన రెండోది చేనేత. ఒకే పనిముట్టును ఏ జిల్లాలో ఏమంటారో అందులో చూడవచ్చు. నేతగాడి గురించి రాసేటప్పుడు ‘నిలువు దారాలు, అడ్డ దారాలు’ అని రాస్తే మీరు మగ్గం దగ్గరకు వెళ్లలేదని అతనికి తెలిసిపోతుంది. ‘పడుగు, పేక’ అని రాస్తే మీ మిగతా వాక్యాలనూ నమ్ముతాడు.

5. పొదుపు సంఘాల మహిళలు సొంతంగా పత్రిక నడిపారని తెలుసా?
చిత్తూరు జిల్లాలో 2001లో మొదలైన ‘నవోదయం’కు గ్రామీణ మహిళలే విలేకరులు. తమ ఊళ్ల సంగతులు తామే రాశారు. ‘మా ఊళ్లో వార్తలేముంటాయి?’ అనే సందేహానికి వాళ్లే సమాధానం.

6. బాధితురాలి పేరు రాయడం నేరమని తెలుసా?
అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా కచ్చితంగా ఉంటుంది. పేరు, ఫొటోలే కాదు, బడి, ఇంటి చుట్టుపక్కల వివరాలు కూడా రాయకూడదు. పేరు మార్చేసి ఊరు, వీధి, తండ్రి వృత్తి రాస్తే ఆ బిడ్డను చూపించినట్టే. ఏది రాయకూడదో మొదటి రోజే నేర్చుకోవాలి.

7. చందమామను దాదాపు మూడు దశాబ్దాలు తీర్చిదిద్దిన చేతికి పత్రికలో పేరు లేదని తెలుసా?
కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. సంపాదకుడిగా ఆయన పేరు అచ్చుకాలేదు. పిల్లలకు అర్థమయ్యే తేట వాక్యం మాత్రం తరాలకు అందింది. బైలైన్ రాలేదని కుంగిపోకండి. డెస్క్ మీద ఇతరుల కాపీ దిద్దిన రోజులే మీ వాక్యానికి పదును పెడతాయి.

8. మీరు సొంతంగా రాసింది, రాసిన క్షణం నుంచే మీదేనని తెలుసా?
కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 నాటి చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు చెప్పకపోతే అది ఐదేళ్లకే అని లెక్క. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. అచ్చులో పేరు చూసుకోబోతున్న సంతోషంలో ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అన్న చోట సంతకం పెట్టకండి. పత్రం మొత్తం చదవండి, ఒక నకలు దాచుకోండి.

9. తెలుగు కథలకు శ్రీకాకుళంలో ఒక ఇల్లుందని తెలుసా?
బడిపంతులుగా పనిచేస్తూనే గొప్ప కథలు రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు, తనకు అవార్డులతో వచ్చిన డబ్బుతో 1997లో ‘కథానిలయం’ నెలకొల్పారు. అక్కడి కథలెన్నో ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మాస్టారు నేర్పేవి రెండు. ఇల్లు గడిచే పని ఒకటి చేతిలో ఉంటే కథను తొందరపెట్టనక్కర్లేదు. రాయాలంటే ముందు తనకన్నా ముందువాళ్లను చదవాలి.

ఈ ఆదివారం మీ ఊళ్లో ఒక నేతగాడి దగ్గరో, కౌలురైతు దగ్గరో గంటసేపు కూర్చోండి. ఆయన నోట వచ్చిన పది పనిమాటలు రాసుకోండి. ఆయన చెప్పిన ఒక్క అంకెను పంచాయతీ రికార్డుతో సరిచూడండి. రెండూ కలవకపోతే, మీ మొదటి కథనం మీకు దొరికినట్టే.