కొండ ప్రాంతాల్లో బస ఎంపిక, బుకింగ్: అరకు ఉదాహరణ

ఏర్పేడు పరిసరాల్లో పెరిగిన వారికి కొండమీద గది అనగానే తిరుమల గుర్తుకు వస్తుంది. అక్కడ గదులను ప్రధానంగా ఒకే సంస్థ, అంటే తిరుమల తిరుపతి దేవస్థానం కేటాయిస్తుంది. ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకోవచ్చు, లేదా కొండపైన సి.ఆర్.ఓ. కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవచ్చు. అద్దె నిర్ణీతం. గది దొరకనివారికి యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు, తలదాచుకునే చోటు ఉచితంగా లభిస్తాయి. (నిజానికి ఏర్పేడు వారు చాలామంది దర్శనం చేసుకుని రాత్రికి ఇల్లు చేరతారు, గది వెతికేది దూరం నుంచి వచ్చిన చుట్టాల కోసమే.) ఈ అలవాటుతోనే వేరే కొండకు వెళితే ఇబ్బంది పడతాం. అక్కడ గది వెనుక ఎవరున్నారో మనమే తెలుసుకోవాలి. దీనిని అరకు ఉదాహరణతో పరిశీలిద్దాం.

అరకు లోయ తూర్పు కనుమల్లో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. బగత, కోందు, కొండదొర, పోర్జ, కోటియ మొదలైన గిరిజన తెగల నివాస ప్రాంతం ఇది. ఇక్కడ బస మూడు రకాలు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే బసలు మొదటివి: అరకులో హరిత వ్యాలీ రిసార్ట్, అనంతగిరిలో హరిత హిల్ రిసార్ట్, అడవి మధ్య టైడాలో జంగిల్ బెల్స్. రెండోవి ప్రైవేటు లాడ్జీలు, రిసార్టులు. మూడోవి గ్రామస్థుల ఇళ్లలో బస, చలికాలంలో వెలిసే గుడారాలు. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్‌లో కూడా ఇదే సంస్థకు హరిత రిసార్ట్ ఉంది కనుక మొదటి రకం మీకు కొత్త కాదు. ఆలోచించవలసింది మిగిలిన రెండింటి గురించే.

అరకు షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. దీనినే ‘1/70 చట్టం’ అంటారు. దీని ప్రకారం ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనులకు, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ చేస్తే చెల్లదు. ‘బదిలీ’ అంటే అమ్మకం మాత్రమే కాదు, లీజు కూడా అందులోకి వస్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధం ప్రభుత్వ భూములకూ వర్తిస్తుందని, గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. కాబట్టి ఇక్కడ ‘ఈ బస ఎవరిది?’ అన్నది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. యజమాని స్థానిక గిరిజనుడైతే మీరిచ్చే అద్దె ఆ లోయలోనే ఉంటుంది. భూమి ఒకరి పేరున ఉండి, వ్యాపారం బయటివారి చేతిలో ఉంటే, పేరు ఇచ్చినవారికి మిగిలేది కొద్దిపాటి సొమ్ము, కాకపోతే కాపలా ఉద్యోగం. పర్యాటకులు తనిఖీ అధికారులు కారు, పత్రాలు చూపమని అడగలేరు. కానీ ఫోనులో మర్యాదగా ‘ఇది మీ సొంతమా అండీ? వంట ఎవరు చేస్తారు? డబ్బు ఎవరి ఖాతాకు పంపాలి?’ అని అడగవచ్చు. సూటిగా జవాబు రాకపోతే మరోచోటు చూసుకోవడం మంచిది.

ఇక ప్రయాణం. ఏర్పేడు నుంచి విశాఖపట్నం ఒక రాత్రి రైలు ప్రయాణం. అక్కడి నుంచి అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది; అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. మీ రైలు ఒక గంట ఆలస్యమైతే చాలు, ఈ బండి తప్పిపోవచ్చు. వృద్ధులు, పిల్లలు వెంట ఉంటే మొదటి రాత్రి విశాఖలో ఉండి మర్నాడు కొండ ఎక్కడం మేలు. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి ఈ మార్గంలో రైళ్లు ఆగిన సందర్భాలున్నాయి. ఆ నెలల్లో రద్దు చేసుకునే వీలులేని గదిని ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

డిసెంబరు, జనవరి నెలల్లో, ముఖ్యంగా వారాంతాల్లో, గదులకు గిరాకీ ఎక్కువ. గుడారం తీసుకునేవారు మరుగుదొడ్డి ఎంత దూరం, వేడినీళ్లు ఉంటాయా, దుప్పట్లు ఎన్ని ఇస్తారు అని ముందే అడగాలి. రాయలసీమ ఎండకు అలవాటుపడిన ఒళ్లు ఆ చలికి ఓర్చుకోవడం కష్టం.

అద్దె మాట్లాడేటప్పుడు జీఎస్టీ కలిపి చెప్పారో లేదో అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న హోటల్ గదులపై పన్ను 5 శాతం. బయానా పంపే ముందు తేదీలు, మొత్తం అద్దె, రద్దు నిబంధనలను సందేశం రూపంలో రాయించుకోండి. తిరుమల గదుల పేరుతో వచ్చే నకిలీ వెబ్‌సైట్ల గురించి దేవస్థానం పదేపదే హెచ్చరించడం మీరు చూసే ఉంటారు. ఇతర కొండలకు అలా హెచ్చరించేవారు ఉంటారన్న భరోసా లేదు. ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కనుక కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి.

అభ్యాసం: డిసెంబరు చివరి వారంలో ఇద్దరు వృద్ధులు, ఇద్దరు పిల్లలతో ఏర్పేడు నుంచి అరకు వెళ్లే కుటుంబానికి మూడు రాత్రుల బస ప్రణాళిక రాయండి. ఏ రాత్రికి ఎవరి బస ఎందుకు ఎంచుకున్నారో, రైలు ఆలస్యమైతే దేనిని రద్దు చేస్తారో 15 వాక్యాలకు మించకుండా తెలపండి.