బాల క్రీడాకారుని భవిష్యత్తును కొలవవచ్చునా?

"పువ్వు పుట్టగనే పరిమళించును" అని మన సామెత. బాస్కెట్ బాల్ జట్టుకు పిల్లలను ఎన్నుకొనువారు తరచుగా ఈ సామెతనే నమ్ముదురు. పదమూడేండ్ల పిల్లలను వరుసగా నిలబెట్టి, అందరిలో పొడవైనవానిని, వేగముగా పరుగెత్తువానిని, ఆనాడు ఎక్కువ బంతులు బుట్టలో వేసినవానిని ఏరుకొందురు. తక్కినవారు ఇంటికి పోవుదురు. వారిలో కొందరు మరల బంతి ముట్టరు. ఈ ఎన్నికలో శాస్త్రమెంత, తొందరపాటెంత?

ఈ ఆటలో బుట్ట అంచు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉండును. కనుక పొడవునకు విలువ కలదు. అయితే ఎన్నుకొనువానికి కావలసినది ఈనాటి పొడవు కాదు; ఇరువదవ ఏట ఉండబోవు పొడవు. ఈ రెండును ఒకటి కావు.

తెనాలిలో ఒక బాలుడు, రేపల్లెలో ఒక బాలుడు ఉన్నారనుకొందము. ఇద్దరికిని 13 ఏండ్లు నిండినవి. తెనాలి బాలుని పొడవు 166 సెంటీమీటర్లు. రేపల్లె బాలునిది 150. ఇద్దరును బాపట్లలో జరుగు ఒక శిక్షణ శిబిరపు ఎంపికకు వచ్చినారు. చూడగనే తెనాలి బాలుని ఎన్నుకొనుట సహజము. కాని మనిషికి వయస్సులు రెండు. పంచాంగము లెక్కించు వయస్సు ఒకటి. శరీరము లెక్కించు వయస్సు మరియొకటి.

పిల్లల ఎదుగుదల ఏటేటా ఒకే తీరున సాగదు. యౌవన ప్రారంభమున ఒక ఉరవడి వచ్చును. ఇది సగటున బాలికలకు 12వ ఏట, బాలురకు 14వ ఏట తీవ్రమగును. ఆ ఒక్క సంవత్సరములోనే బాలుడు 9, 10 సెంటీమీటర్లు పెరుగవచ్చును. కొందరికి ఈ ఉరవడి 12వ ఏటనే వచ్చును; కొందరికి 16వ ఏట గాని రాదు. పొడవైన ఎముకల చివరలందు మృదులాస్థి పలకలుండును. ఎముక పొడవు సాగునది అక్కడనే. యౌవనమున పుట్టు హార్మోనులు ఈ పలకలను మొదట వేగిరపరచి, తరువాత గట్టి ఎముకగా మార్చివేయును. అంతటితో ఎదుగుదల ఆగును. ముందుగా ఎదిగినవాడు ముందుగానే ఆగునని దీని భావము. తెనాలి బాలుడు ఉరవడిని దాటి 174 వద్ద ఆగుటయు, రేపల్లె బాలుడు ఆలస్యముగా బయలుదేరి 178 చేరుటయు వింత కాదు.

అమెరికా క్రీడాకారుడు ఆంథొనీ డేవిస్ హైస్కూలు చదువుకాలములోనే సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినాడు. పొట్టిగా ఉన్న రోజులలో బంతిని చేతివాటముగా నడపుట నేర్చుకొన్నాడు. పొడవు వచ్చిన పిమ్మట ఆ నేర్పు పోలేదు. 2012లో అతడే దేశమంతటిలో మొదటి ఎన్నికగా నిలిచినాడు.

రాబోవు పొడవును ముందుగా అంచనా వేయు మార్గములు లేకపోలేదు. తల్లిదండ్రుల పొడవులను కూడి, బాలునికైతే 13 సెంటీమీటర్లు కలిపి, బాలికకైతే 13 తీసివేసి, సగము చేయుట ఒక పద్ధతి. తండ్రి 170, తల్లి 155 అయినచో కుమారుని అంచనా 169. అయితే అసలు పొడవు దీనికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు అటునిటుగా ఉండవచ్చును. మరియొకటి కూర్చున్న పొడవును కొలుచుట. ఉరవడిలో కాళ్ళు ముందు సాగును, మొండెము తరువాత సాగును. ఈ రెంటి నిష్పత్తి, బరువు, వయస్సు తీసికొని, బాలుడు తన ఉరవడికి ఎంత దూరమున ఉన్నాడో లెక్కించు సూత్రము 2002లో ప్రకటింపబడినది. అదియు మరీ ముందుగా, మరీ ఆలస్యముగా ఎదుగువారి విషయములో తప్పును. అనగా ఎవరిని గూర్చి ఎక్కువ తెలియవలెనో, వారి యెడలనే అది బలహీనము.

ఇక పుట్టిన నెల సంగతి. వయస్సును జనవరి 1వ తేదీతో లెక్కించినచో జనవరిలో పుట్టినవాడును, డిసెంబరులో పుట్టినవాడును ఒకే తరగతిలో పోటీపడుదురు. పన్నెండేండ్ల పిల్లలకు పదకొండు నెలలు చిన్న తేడా కాదు. కెనడాలో మంచు హాకీ జట్లను పరిశీలించి 1985లో బార్న్స్‌లీ మొదలగువారు దీనినే చూపినారు. ఏడాది మొదటి నెలలలో పుట్టినవారు ఆ జట్లలో అధికముగా ఉన్నారు. ప్రతిభకు పుట్టిన నెలతో పని లేదు. ఎంపికకు మాత్రము ఉన్నది.

మూడవది అదృష్టము. నూటికి 60 బంతులు వేయగల బాలుని చేత పది బంతులు వేయించినారనుకొందము. సంభావ్యతా గణితము ప్రకారము అతడు ఆరుమార్లలో ఒకమారు 8 గాని అంతకుమించి గాని వేయును. మరల ఆరుమార్లలో ఒకమారు 4 గాని అంతకు తక్కువ గాని వేయును. నేర్పు ఒకటే, ఒకనాడు మెప్పు, ఒకనాడు తిరస్కారము. వంద బంతులు వేయించినచో ఫలము సాధారణముగా 55కు, 65కు నడుమనే ఉండును. కనుక పది బంతుల పరీక్ష నేర్పును కొలుచుట కన్న అదృష్టమును కొలుచుటే ఎక్కువ.

ధనము, యంత్రములు, నిపుణులు పుష్కలముగా ఉన్నచోట కూడ ఈ ఎన్నిక సులభము కాలేదు. అమెరికాలోని ఎన్.బి.ఏ. జట్లు ఏటా యువకులను వంతులవారీగా ఎన్నుకొనును. దీనిని డ్రాఫ్ట్ అందురు. 1984లో మైకేల్ జోర్డన్ మూడవవాడు. అతనికి ముందు, పొడవైన ఆటగాడు కావలెనని ఒక జట్టు 216 సెంటీమీటర్ల శామ్ బౌవీని తీసికొన్నది. కాలి గాయములు అతని ఆటను కుంటుపరచినవి. 2014లో నికోలా యోకిచ్‌కు ముందు 40 మందిని ఎన్నుకొన్నారు. అతడు తరువాత మూడుమార్లు ఉత్తమ క్రీడాకారుడైనాడు. పంజాబులోని బల్లోకె గ్రామమునకు చెందిన సత్నామ్ సింగ్ 2015లో 52వ ఎన్నికయై, భారతదేశమున పుట్టి డ్రాఫ్టులో ఎన్నికైన మొదటివాడైనాడు. అతని పొడవు ఏడడుగుల రెండంగుళములు. అయినను ఎన్.బి.ఏ. ఆట ఒక్కటియు ఆడుట పడలేదు. పద్దెనిమిదేండ్లు దాటినవారి యెడలనే ఇట్లుండగా, పదమూడేండ్ల పిల్లలను ఒక్క ఉదయములో తీర్పరించుట ఎట్లు?

బాపట్ల వారికి ఈ సంగతి కొత్త కాదు. అక్కడి పరిశోధకులు రూపొందించి 1986లో విడుదల చేయించిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఈనాడు ఇంటింట తెలిసిన వరి. నారుమడిలో పచ్చదనము చూచి ఏ వంగడమును విడుదల చేయరు. పలు ఋతువులలో, పలు పొలములలో నాటి, పక్కనే తెలిసిన వంగడమును పెట్టి పోల్చుదురు. వడ్ల గింజ యెడల చూపు ఈ ఓర్పు పిల్లల యెడల చూపరాదా?

పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయునికి ఇందుకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక కొలత టేపు, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము చాలును. ప్రతి పిల్లవాని పుట్టిన తేదీ వ్రాసి, మూడు నెలలకొకమారు నిలిచిన పొడవు, కూర్చున్న పొడవు, చాచిన చేతుల వెడల్పు, ఎగురు ఎత్తు, వంద బంతుల ఫలము నమోదు చేయవలెను. కొలత ఎల్లప్పుడు ఒకే వేళ తీయవలెను. పగలంతా తిరుగుట వలన వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు అణగి, సాయంకాలమునకు మనిషి సుమారు ఒక సెంటీమీటరు పొట్టియగును. ఉదయము తెనాలిలోను, సాయంత్రము రేపల్లెలోను తీసిన కొలతలను పోల్చినచో రేపల్లె పిల్లలకు అన్యాయమే. ఉరవడిలో ఉన్నవానికి కొన్నాళ్ళు కాళ్ళు, చేతులు స్వాధీనము తప్పినట్లుండును. మోకాలి క్రింద నొప్పియు రావచ్చును. దానిని చేతకానితనమని తలపరాదు.

రెండేండ్లు గడచిన పిమ్మట ఆ పుస్తకము చెప్పునది ఎవరు ముందున్నారని కాదు, ఎవరు ఏ వేగముతో ముందుకు వచ్చుచున్నారని. నేర్పినది ఎంత త్వరగా పట్టుకొనుచున్నాడు, ఓడిననాడు మరుసటి ఉదయము మైదానమునకు వచ్చుచున్నాడా అనునవి ఏ టేపుకును అందవు. ఉపాధ్యాయుని కంటికే అందును. అంతవరకు పొట్టివానిని జట్టులో చేర్చలేకపోయినను, మైదానము నుండి పంపివేయకుండుట ఎన్నికదారుని మొదటి ధర్మము. కొన్ని పువ్వులు ఆలస్యముగా పరిమళించును. అందాక మొక్కకు నీరు పోయవలెను.