దగ్గరి త్రోవ

అమెరికాలో తూర్పు పడమరలను కలుపు 80వ నంబరు రహదారి వయోమింగ్ రాష్ట్రపు మెరకసీమలను దాటిపోవును. కారు వెనుక ట్రెయిలరు బండిని తగిలించుకొని అక్టోబరులో దేశమును అడ్డముగా దాటువారికి అచ్చటనే అసలు పరీక్ష.

లారమీ పట్టణమునుండి పాతబాట మెడిసిన్ బో మీదుగా చుట్టు తిరిగిపోవును. ఇంజనీర్లు ఎల్క్ పర్వతము ప్రక్కగా సుమారు 19 మైళ్లు కలిసివచ్చు కొత్తబాటను నిర్ణయించిరి. ఆ గాలిని, మంచును ఎరిగిన అచ్చటి పశుపాలకులు వలదనిరి. 1970 అక్టోబరు 3న బాట తెరచిరి. నాలుగు దినములకే మంచుతుఫాను దానిని మూయించినది. గాలివేగమును తగ్గించి, మంచు బాటను చేరకముందే రాలిపోవునట్లు 1971 నుండి పెద్ద కొయ్యదడులు కట్టవలసివచ్చెను.

దడులు మంచును ఆపునుగాని గాలిని పూర్తిగా ఆపజాలవు. నిండుకుండ తొణకదు, ఎత్తైన ఖాళీ ట్రెయిలరే ముందు పల్టీకొట్టును. అందుచేతనే గాలి హెచ్చినపుడు తేలిక బండ్లను నిలిపివేయుదురు. నిండుబండియైనను బరువు వెనుకకు చేరినచో తోకవలె ఊగులాడును. అప్పుడు కారు బ్రేకును గట్టిగా తొక్కరాదు; వేగమును మెల్లగా తగ్గనిచ్చి, ట్రెయిలరునకు విడిగా బ్రేకున్నచో దానినే పట్టించవలెను. వంతెనల క్రిందను గాలి ఆడుటచే అవి బాటకంటె ముందు గడ్డకట్టునని మరువరాదు.

బాట మూసిననాడు లారమీలో ఆగినవాడు పోగొట్టుకొనునది ఒక దినము మాత్రమే. పశుపాలకులు ఇంజనీర్లకు చెప్పజూచినదియు ఇంతే.