రిపోర్ట్ ఓపెన్ చేస్తే 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అంటోందా? టైమ్‌అవుట్ పెంచే ముందు ఇవి చెక్ చేయండి

నెలాఖరు సేల్స్ రిపోర్ట్ కావాలి. తేదీలు, బ్రాంచ్‌లు, ప్రొడక్టులు ఒక్కొక్కటీ సెలెక్ట్ చేసి 'వ్యూ రిపోర్ట్' నొక్కారు. రిపోర్ట్ బదులు 'ఏఎస్‌పీ డాట్‌నెట్ సెషన్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్' అనే మెసేజ్ వచ్చింది. పెట్టిన ఫిల్టర్లన్నీ మాయం! మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సర్వీసెస్, అంటే ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ రిపోర్టులను రిపోర్ట్‌వ్యూయర్‌తో వెబ్ పేజీలో చూపించే ఆఫీసుల్లో ఇది పాత తలనొప్పే. వెంటనే చాలామంది చేసే పని టైమ్‌అవుట్ పెంచేయడం. కానీ చాలా కేసుల్లో టైమ్ అయిపోవడం అసలు కారణమే కాదు.

అసలు సెషన్ అంటే ఏంటి?

గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే సెషన్. సర్వర్ మీ బ్రౌజర్‌కి కుకీ రూపంలో ఒక నంబర్ ఇస్తుంది. మీ ఫిల్టర్లు, రిపోర్ట్ వివరాలు ఆ నంబర్ మీద సర్వర్ దగ్గరే ఉంటాయి. స్టాండు మూసే టైమ్ అయినా, టోకెన్ పోయినా, స్టాండే ఖాళీ చేసినా మీ చెప్పులు దొరకవు. ఈ మూడింటికీ సర్వర్ చెప్పేది ఒకటే మాట: ఎక్స్‌పైర్డ్. అందుకే ఎర్రర్‌లో ఏం రాసి ఉందన్నది కాదు, అది ఎప్పుడు వచ్చిందన్నది చూడాలి.

కాసేపు వదిలేశాక వస్తే..

ఇది నిజంగా టైమ్‌అవుటే. ఏఎస్‌పీ డాట్‌నెట్ సెషన్ డిఫాల్ట్ టైమ్ 20 నిమిషాలు. ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌కి వేరే టైమర్ ఉంది, అది 600 సెకన్లు, అంటే 10 నిమిషాలే. ఒకటి పెంచి రెండోది మర్చిపోతే సమస్య అలాగే ఉంటుంది. రిపోర్ట్‌వ్యూయర్‌లో 'కీప్ సెషన్ అలైవ్' అనే ప్రాపర్టీ ఆన్‌లో ఉంటే, పేజీ తెరిచి ఉన్నంతసేపు సెషన్ బతికే ఉంటుంది. అయితే ఫోన్‌లో చూస్తూ వేరే యాప్‌లోకి వెళ్తే, బ్యాక్‌గ్రౌండ్ ట్యాబ్‌ను ఫోన్ నిద్రపుచ్చేస్తుంది. అప్పుడు ఈ ఏర్పాటు కూడా పనిచేయదు.

ఓపెన్ చేయగానే వస్తే..

ఇక్కడ టోకెనే పోయింది, అంటే కుకీ సమస్య. రిపోర్ట్‌ను వేరే డొమైన్ సైట్‌లో ఐఫ్రేమ్‌గా పెట్టారేమో చూడండి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి సేమ్‌సైట్ రూల్స్ కఠినమయ్యాయి. సఫారీ అయితే అదే ఏడాది మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా బ్లాక్ చేస్తోంది.

టెస్ట్ చాలా సింపుల్. అదే రిపోర్ట్ లింక్‌ను నేరుగా కొత్త ట్యాబ్‌లో తెరవండి. అక్కడ వచ్చి ఐఫ్రేమ్‌లో రాకపోతే దొంగ దొరికినట్టే. కుకీకి 'సేమ్‌సైట్ నన్', 'సెక్యూర్' రెండూ పెట్టి హెచ్‌టీటీపీఎస్ వాడితే క్రోమ్‌లో పని జరుగుతుంది. సఫారీలోనూ పనిచేయాలంటే మెయిన్ సైట్, రిపోర్ట్ సర్వర్ ఒకే డొమైన్ కింద ఉండటమే మంచిది.

ఎప్పుడు పడితే అప్పుడు, అందరికీ వస్తే..

స్టాండు ఖాళీ అయిందన్నమాట. డిఫాల్ట్‌గా సెషన్ డేటా ఉండేది ఐఐఎస్ వర్కర్ ప్రాసెస్ మెమరీలో. ఆ ప్రాసెస్ రీస్టార్ట్ అయితే డేటా అంతా పోతుంది. ఐఐఎస్ డిఫాల్ట్‌గా 1740 నిమిషాలకు, అంటే 29 గంటలకోసారి రీసైకిల్ అవుతుంది. అందుకే ఇవాళ ఉదయం 10కి వచ్చిన ఎర్రర్ రేపు మధ్యాహ్నం 3కి రావచ్చు. పైగా 20 నిమిషాలు ఎవరూ వాడకపోతే ఐఐఎస్ ఆ ప్రాసెస్‌ను ఆపేస్తుంది. మీరు సెషన్ టైమ్ 60 నిమిషాలకు పెంచినా ఉపయోగం లేకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

రీసైక్లింగ్‌ను అర్ధరాత్రికి మార్చండి, ఐడిల్ టైమ్‌అవుట్ చెక్ చేయండి. సెషన్‌ను స్టేట్ సర్వర్‌లోకి గానీ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి గానీ మారిస్తే రీసైకిల్ అయినా డేటా పోదు.

ఒకసారి వచ్చి, ఇంకోసారి రాకపోతే..

లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు మూడు సర్వర్లు ఉన్నాయేమో అడగండి. ఒక స్టాండులో చెప్పులు పెట్టి ఇంకో స్టాండులో టోకెన్ చూపిస్తే ఏం లాభం? స్టిక్కీ సెషన్స్ ఆన్ చేయాలి, లేదా అన్ని సర్వర్లకూ ఒకటే సెషన్ స్టోర్ పెట్టాలి.

మరి టైమ్‌అవుట్ 8 గంటలు పెట్టేస్తే?

పెట్టొచ్చు, కానీ ప్రతి యూజర్ రిపోర్ట్ డేటా సర్వర్ మెమరీలో పేరుకుపోతుంది. లాగౌట్ చేయకుండా లేచి వెళ్లినవాళ్ల సిస్టమ్‌లో జీతాల రిపోర్ట్ ఎవరైనా చూసేయొచ్చు. ఈసారి ఐటీ టీమ్‌కి టికెట్ వేసేటప్పుడు 'రిపోర్ట్ రావట్లేదు' అని వదిలేయకండి. ఎన్ని నిమిషాలకు వచ్చింది, ఏ బ్రౌజర్, పక్కవాళ్లకీ వచ్చిందా.. ఈ మూడూ రాయండి. సగం పని అక్కడే అయిపోతుంది.