కిర్రుచెప్పులు
కిర్రుచెప్పులు అనగా నడిచేటప్పుడు కిర్రుకిర్రుమని శబ్దం చేసే తోలు చెప్పులు. తెలుగు గ్రామాలలో వీటిని మాదిగ చేతివృత్తులవారు కుట్టేవారు. అట్టలో పొరలుగా కుట్టిన ఎండుతోలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వలన ఈ శబ్దం పుడుతుంది. మనిషి కంటే ముందు చప్పుడు వినబడడమే వీటి దర్జా. అయితే కొత్త చెప్పు కరుస్తుంది. బొటనవేలు దూర్చే ఉంగటం వద్ద, పట్టీల కింద చర్మం ఒరుసుకొని పొక్కులు లేస్తాయి. ఆముదం పట్టిస్తే తోలు మెత్తబడి పాదానికి ఒదుగుతుంది. చిక్కేమిటంటే, నూనె అట్ట పొరలలోకి దిగితే రాపిడి తగ్గి కిర్రు కూడా తగ్గిపోతుంది. కనుక సుఖమూ దర్జా రెండూ కావలసినవారు ఉంగటానికి, పట్టీలకు మాత్రమే నూనె రాయడం మేలు. మహారాష్ట్ర, కర్ణాటకలలో తయారయ్యే కొల్హాపురి చెప్పులు కూడా ఇటువంటి తోలు చెప్పులే. వాటికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.