వికెట్ ఖరీదెంత?

2024 మే 26 రాత్రి చెన్నైలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 18.3 ఓవర్లలో 113 పరుగులకు ఆలౌటైంది. ఐపీఎల్ ఫైనల్లో అంత తక్కువ స్కోరు అంతకు ముందు ఏ జట్టూ చేయలేదు. కోల్‌కతా నైట్‌రైడర్స్ పదకొండో ఓవర్ సగంలోనే పని ముగించి కప్పు పట్టుకుపోయింది. తెల్లారేసరికి విశాఖ దగ్గరి నక్కపల్లి హైవే పక్క టీ కొట్లలో తీర్పు కూడా వచ్చేసింది: "గుడ్డిగా బాదడమే గానీ వీళ్లకి ఆడటం రాదు." నెల రోజుల కిందట ఇదే జట్టు ఆరు ఓవర్లలో 125 కొట్టినప్పుడు బల్లలు చరిచింది కూడా ఆ టీ కొట్ల జనమే అనుకోండి, అది వేరే సంగతి.

ఆ తీర్పు సరైనదేనా? ఒక్క రాత్రి స్కోరు కార్డు చూసి ఇది తేల్చలేం. సీజన్ మొత్తం లెక్క తీయాలి. దానికంటే ముందు ఒక చిన్న ప్రశ్నకు జవాబు వెతకాలి: వికెట్ ఖరీదెంత?

సంక్రాంతికి మన పల్లెల్లో జరిగే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు చూడండి. ఎనిమిది ఓవర్ల మ్యాచ్ అయితే 48 బంతులు, చేతిలో పది వికెట్లు. అంటే వికెట్‌కు ఐదు బంతులు కూడా రావు. అలాంటి ఆటలో మొదటి ఓవర్ మూడు బంతులు డిఫెన్స్ ఆడినవాణ్ణి ఎదుటి జట్టు ఏమీ అనదు, బౌండరీ దగ్గర తమ వంతు కోసం కూర్చున్న సొంత జట్టే తిడుతుంది: "ఒరేయ్, టెస్ట్ మ్యాచ్ అనుకున్నావా?" ఆ కుర్రాళ్లెవరూ గణాంకాలు చదవలేదు. అయినా లెక్క వాళ్లకు తెలుసు. వికెట్లు మిగిలిపోతాయి, బంతులు అయిపోతాయి.

వన్డేలో 300 బంతులకు పది వికెట్లు, అంటే వికెట్‌కు 30 బంతులు. అక్కడ వికెట్ విలువైనది. ట్వంటీ20లో 120 బంతులకు పది, వికెట్‌కు 12 బంతులు. వన్డే కంటే మన సంక్రాంతి మ్యాచ్‌కే ఇది దగ్గర. కానీ చాలా ఏళ్లపాటు ట్వంటీ20ని చిన్న వన్డేలాగే ఆడారు. ఓపెనర్ నిలదొక్కుకోవాలి, వికెట్లు చేతిలో ఉంచుకోవాలి, చివరి ఐదు ఓవర్లలో విరుచుకుపడాలి. ఇన్నింగ్స్ ముగిసేసరికి తరచూ కొన్ని వికెట్లు వాడకుండా మిగిలేవి. మిగిలిన వికెట్‌ను తర్వాతి మ్యాచ్‌కు దాచుకోవడం కుదరదు కదా.

ఆటలో ఏది కొరత అని అడగడం మొదట నేర్పింది బేస్‌బాల్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో చిక్కుడు గింజలు డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాసే బిల్ జేమ్స్ అనే మనిషి, డ్యూటీలో దొరికిన తీరికంతా స్కోరు లెక్కలకు పెట్టి 1977లో సొంత డబ్బుతో ఒక పుస్తకం అచ్చేయించాడు. ఆటగాళ్ల గురించి అందరూ నమ్మే మాటల్ని ఒక్కొక్కటే అంకెలతో గీటు పెట్టి చూశాడు. బేస్‌బాల్లో బంతులకు పరిమితి లేదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు, మొత్తం 27. అవి అయ్యేదాకా ఆట సాగుతూనే ఉంటుంది. కాబట్టి అక్కడ కొరత ఔట్లకే. గట్టిగా కొట్టేవాడికంటే ఔటవకుండా ఎలాగోలా మొదటి బేస్ చేరేవాడికి విలువ ఎక్కువ. సంతలో మాత్రం అలాంటివాడు చవగ్గా దొరికేవాడు. ఓక్లాండ్ అథ్లెటిక్స్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ సరిగ్గా అలాంటివాళ్లనే ఏరుకున్నాడు. 2002లో న్యూయార్క్ యాంకీస్ జీతాల్లో మూడో వంతు ఖర్చుతో, యాంకీస్ గెలిచినన్నే, 103 మ్యాచ్‌లు గెలిచాడు.

బేస్‌బాల్ పాఠం విని చాలామంది పట్టుకునేది "అంకెలు చూడాలి" అన్న మాట ఒక్కటే. అసలు పాఠం అంతకంటే పదునైనది. అక్కడ అడిగిన ప్రశ్ననే ట్వంటీ20లో అడిగితే జవాబు తిరగబడుతుంది. బేస్‌బాల్లో ఔట్‌ను కాపాడుకోవాలి. ట్వంటీ20లో కాపాడుకోవలసింది బంతిని, వికెట్‌ను ఖర్చుపెట్టాలి. 2023లో పదో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచిన సన్‌రైజర్స్, కోచ్‌గా డానియల్ వెటోరీని, కెప్టెన్‌గా 20.50 కోట్లు పోసి కొన్న పాట్ కమిన్స్‌ను పెట్టుకుని 2024లో చేసింది సరిగ్గా ఇదే.

ఆ ఏడాది అభిషేక్ శర్మ 237 బంతుల్లో 484 పరుగులు చేశాడు, 15 సార్లు ఔటయ్యాడు. సగటు 32. పాతకాలం కొలతతో చూస్తే ఓ మోస్తరు ఆటగాడు. ట్రావిస్ హెడ్ 296 బంతుల్లో 567. అదే ఏడాది అందరికంటే ఎక్కువ పరుగులు చేసి ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్న విరాట్ కోహ్లీ 479 బంతుల్లో 741 చేశాడు. సగటు 61.75.

ఇప్పుడు సరదాగా ఒక పని చేద్దాం. పదకొండు మందీ కోహ్లీలే అయిన జట్టును ఊహించండి. 2024 లెక్క ప్రకారం అతను 40 బంతులకోసారి ఔటయ్యాడు. 120 బంతుల్లో ఆ జట్టు మూడు వికెట్లకు 186 చేస్తుంది. ఏడు వికెట్లు వృథా. పదకొండు మంది హెడ్‌లయితే ఆరు వికెట్లు కూడా పోకుండా 230. పదకొండు మంది అభిషేక్‌లయితే దాదాపు 16 బంతులకో వికెట్ చొప్పున ఏడెనిమిది వికెట్లు పోతాయి, స్కోరు 245. సగటు సగమైనవాడి జట్టు దాదాపు 60 పరుగులు ఎక్కువ చేస్తోంది. కోహ్లీ అభిమానులు రాళ్లు పట్టుకోకముందే చెప్పేస్తాను, ఇది కాగితం మీది లెక్క. నిజం జట్టులో ఏడో నంబరు తర్వాత అభిషేక్‌లు ఉండరు. అయినా దారి ఎటుందో లెక్క చూపిస్తోంది. పైగా 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చి ప్రతి జట్టుకూ ఒక బ్యాటర్‌ను అదనంగా ఇచ్చింది. దాంతో వికెట్ ఇంకాస్త చవకైంది.

ఫలితాలు కూడా అలాగే వచ్చాయి. మార్చి 27న హైదరాబాద్‌లో ముంబయిపై 277. ఏప్రిల్ 15న బెంగళూరులో 287. ఏప్రిల్ 20న ఢిల్లీలో పవర్‌ప్లే ముగిసేసరికి వికెట్ పడకుండా 125. మొదటి ఆరు ఓవర్లలో వలయం బయట ఇద్దరే ఫీల్డర్లు ఉంటారు కాబట్టి బంతిని పైకి లేపడానికి అంతకంటే చవకైన సమయం ఇన్నింగ్స్‌లో మరొకటి ఉండదు. నిలదొక్కుకోవడం పేరుతో ఆ ఆరు ఓవర్లనే పోగొట్టుకోవడం ఎంత తెలివితక్కువో మే 8న లక్నోతో మ్యాచ్ చూపించింది. 166 లక్ష్యాన్ని హెడ్, అభిషేక్ ఇద్దరే 9.4 ఓవర్లలో కొట్టేశారు. 62 బంతులు మిగిలాయి. వాటితో ఇంకో మ్యాచ్ ఆడుకోవచ్చు.

మనకు దగ్గర్లోనూ అదే గాలి వీచింది. విశాఖ మధురవాడ స్టేడియంలో ఏప్రిల్ 3న కోల్‌కతా, ఢిల్లీపై 272 చేసింది. సునీల్ నరైన్ 39 బంతుల్లో 85. అంటే ఈ కిటుకు సన్‌రైజర్స్ ఒక్కటే కనిపెట్టింది కాదు. ఫైనల్లో ఎదురుపడ్డ జట్టు కూడా దాన్ని వాడినదే. తేడా ఎక్కడుందో నెట్ రన్‌రేట్ చెబుతుంది. లీగ్ దశ ముగిసేసరికి కోల్‌కతాది 1.428. రికార్డులన్నీ బద్దలు కొట్టిన సన్‌రైజర్స్‌ది 0.414 మాత్రమే. 277 కొట్టిన రోజు ముంబయికి 246 ఇచ్చారు. 287 కొట్టిన రోజు బెంగళూరుకు 262 ఇచ్చారు. గెలుపుల సంఖ్యకంటే చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ తేడాయే జట్టు బలాన్ని నిక్కచ్చిగా చెబుతుందన్నది కూడా బిల్ జేమ్స్ తేల్చిన మాటే. 2016లో కప్పు గెలిచిన సన్‌రైజర్స్‌కు భువనేశ్వర్ కుమార్ 23 వికెట్లు తీసిపెట్టాడు. 2018లో 118 పరుగులే చేసి ముంబయిని 87కు కూల్చింది కూడా ఈ ఫ్రాంచైజీయే. 2024 జట్టుకు ఆ బౌలింగ్ లేదు.

ఇక అదృష్టం సంగతి. సన్‌రైజర్స్ లీగ్ దశలో 13 మ్యాచ్‌లు ఆడి ఎనిమిది గెలిచింది, ఒకటి వానకు కొట్టుకుపోయింది. 17 పాయింట్లు, రెండో స్థానం. ఆ ఎనిమిదిలో పంజాబ్‌పై గెలుపు రెండు పరుగులతో. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 37 బంతుల్లో 64 చేసి ఆ రాత్రి గట్టెక్కించాడు. రాజస్థాన్‌పై గెలుపు ఒక్క పరుగుతో. చివరి బంతికి రెండు కావాల్సి ఉండగా రోవ్‌మన్ పావెల్‌ను భువనేశ్వర్ ఎల్బీగా దొరకబుచ్చుకున్నాడు. ఈ రెండూ అటు మొగ్గి ఉంటే 13 పాయింట్లు. నాలుగో స్థానానికి ఆ ఏడాది 14 కావాల్సి వచ్చింది. ఫైనల్ మాట అటుంచి ప్లేఆఫ్స్‌కే చేరేవాళ్లు కాదు. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి: మొదటి మ్యాచ్‌లో కోల్‌కతా చేతిలో నాలుగు పరుగులతో ఓడారు. అదృష్టం ఇచ్చిందీ ఉంది, తీసుకుందీ ఉంది. అసలు నాణెం ఎగరేసి ఆడే జట్టు కూడా 13 మ్యాచ్‌ల్లో ఎనిమిది, అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం వందలో 29 పాళ్లు ఉంది. బేస్‌బాల్లో సీజన్‌కు 162 మ్యాచ్‌లు కాబట్టి అదృష్టం చాలావరకు అరిగిపోతుంది. ఐపీఎల్‌లో అది అరగడానికి వ్యవధే లేదు. ఆ 162 మ్యాచ్‌ల తర్వాత కూడా, 2000 నుంచి 2003 దాకా వరసగా నాలుగేళ్లు ఓక్లాండ్ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే, అదీ ప్రతిసారీ ఆఖరి మ్యాచ్‌లో ఓడి ఇంటికెళ్లింది.

ఇప్పుడు చెన్నైకి వెళ్దాం. మొదటి ఓవర్లో మిచెల్ స్టార్క్ వేసిన బంతి లోపలికి వస్తున్నట్టే వచ్చి, పడ్డాక బయటికి తిరిగి అభిషేక్ ఆఫ్ స్టంప్ పైభాగాన్ని తాకింది. మంచి బంతి. దూకుడుగా ఆడినవాణ్ణీ, నెమ్మదిగా ఆడినవాణ్ణీ ఔట్ చేసే బంతి. రెండో ఓవర్లో వైభవ్ అరోరా బౌలింగ్‌లో హెడ్ మొదటి బంతికే కీపర్‌కు దొరికాడు. ఐదో ఓవర్లో రాహుల్ త్రిపాఠి కూడా ఔటయ్యాడు. 21కి మూడు. 24.75 కోట్లకు అమ్ముడుపోయిన ఈ స్టార్కే మార్చిలో ఇదే సన్‌రైజర్స్‌కు నాలుగు ఓవర్లలో 53 ఇచ్చి వికెట్ తీయలేకపోయినవాడు. అప్పుడు అందరూ నవ్వారు.

టీ కొట్టు తీర్పుతో నేను ఇక్కడ విభేదిస్తాను. బాదడం తప్పు కాదు. 16 ఇన్నింగ్స్‌లో ఆ జట్టు ఆలౌటైంది మూడుసార్లే. ఒకటి చెన్నైపై లీగ్ మ్యాచ్‌లో, మిగతా రెండూ ప్లేఆఫ్స్‌లో కోల్‌కతా మీద. ఏడెనిమిది వికెట్లు సగటున పోయే ఆటలో కొన్ని రోజులు పదీ పోతాయి, అది ముందే ఒప్పుకున్న ఖర్చు. తప్పు వేరేచోట జరిగింది. వికెట్ ధర స్థిరంగా ఉండదు. 120 బంతులకు పది ఉన్నప్పుడు అది చవక. 21కి మూడు పడ్డాక, 90కి పైగా బంతులు మిగిలి ఏడే వికెట్లున్నప్పుడు, ఒక్కసారిగా ప్రియమవుతుంది. అప్పుడు ధర మారిందని గుర్తించి ఒకరు పది ఓవర్లు నిలబడి 150 దాకా లాక్కొచ్చే రెండో ఎత్తు ఆ జట్టు దగ్గర లేదు. కెప్టెన్ కమిన్స్ చేసిన 24 ఆ రాత్రి జట్టులో అత్యధిక స్కోరు. బౌలింగ్ కూడా బలంగా ఉంటే 150తో పోరాడే వీలుండేది. రెండూ లేకపోవడం వల్ల మొదటి రెండు ఓవర్లలోనే ఫైనల్ చేజారింది.

మరుసటి వేలానికి ముందు యాజమాన్యం 75 కోట్లు పెట్టి ఐదుగురిని అట్టిపెట్టుకుంది. బ్యాటర్ క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్, హెడ్ చెరో 14, నితీశ్ 6. ఐదుగురిలో పూర్తిస్థాయి బౌలర్ కమిన్స్ ఒక్కడే. బౌలర్లు భువనేశ్వర్, నటరాజన్ వెళ్లిపోయారు. పది కోట్లకు వచ్చిన పేసర్ షమీ 2025లో తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లు తీసి, పంజాబ్‌పై ఒక్క రోజే నాలుగు ఓవర్లలో 75 ఇచ్చాడు. ఈలోగా ఎదుటి జట్లూ ఊరుకోలేదు. హెడ్ 567 నుంచి 374కు పడ్డాడు. అభిషేక్ 439. మార్చి 30న విశాఖలో, నక్కపల్లి నుంచి బండేసుకుని మధ్యాహ్నం ఆటకు వెళ్లిరాగలిగిన దూరంలో, ఈసారి ఢిల్లీ చొక్కా వేసుకున్న స్టార్క్ మళ్లీ ఎదురయ్యాడు. 37కే నాలుగు వికెట్లు. సొంత ఊళ్లో నితీశ్ సున్నా. స్టార్క్‌కు 35 పరుగులకు ఐదు వికెట్లు. అనికేత్ వర్మ 41 బంతుల్లో 74 కొట్టి స్కోరును 163 దాకా లాగాడు గానీ, ఎనిమిది బంతులు మిగిలుండగానే ఆలౌట్. ఢిల్లీ 16 ఓవర్లలో కొట్టేసింది.

ఆ సీజన్‌ను సన్‌రైజర్స్ 286తో మొదలుపెట్టి 278తో ముగించింది. మధ్యలో 246 లక్ష్యాన్ని తొమ్మిది బంతులు మిగిలుండగా ఛేదించింది, అభిషేక్ 141. అన్నీ కలిపి ఆరు గెలుపులు, ఏడు ఓటములు, ఒకటి వానపాలు. ముందటి ఏడాది ఆ రెండు దగ్గరి మ్యాచ్‌లూ చేజారి ఉంటే ఎన్ని పాయింట్లు దక్కేవో సరిగ్గా అన్నే వచ్చాయి: 13. ఆరో స్థానం.