దిక్కు తెలిసినవానికి దారి

తెలుగున ‘దిక్కు’ అను మాటకు రెండర్థములు కలవు. తూర్పు పడమరలు దిక్కులు. ఆపదలో ఆదుకొనువాడును దిక్కే. ‘దిక్కులేనివాడు’ అన్నప్పుడు మనకు తోచునది రెండవ అర్థము. కాని చీకటిపడు వేళ అడవిలో దారి తప్పినవానికి ఈ రెండర్థములును ఒక్కటైపోవును. ఉత్తర మెటున్నదో తెలిసినచో అదియే వానికి దిక్కు.

దారి వెదకుటనే వినోదముగా మార్చిన ఆట యొకటి నేడు పెక్కు దేశములందు వ్యాపించినది. దానిని జియోకాషింగ్ అందురు. ఉపగ్రహ సంకేతములలో బుద్ధిపూర్వకముగా కల్పించుచు వచ్చిన దోషమును అమెరికా ప్రభుత్వము 2000 మే మొదట తొలగించినది. అంతవరకు నూరు మీటర్ల దాక పొరబడుచుండిన సామాన్యుని చేతి పరికరము అటుపై కొద్ది మీటర్లలోనే స్థానమును తెలుపజొచ్చినది. ఆ మే 3న ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అను నతడు ఒక బకెట్టులో కొన్ని వస్తువులను, ఒక పుస్తకమును ఉంచి అడవిలో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. వెదకి పట్టినవారు పుస్తకమున తమ పేరు వ్రాసి, ఒక వస్తువును తీసికొని వేరొకటి ఉంచిపోవలెను. ఆట అంతే. మనకును నావిక్ అను ఉపగ్రహ వ్యవస్థ కలదు. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న శ్రీహరికోటనుండి ఎగిరినది. అయినను పరికరమున విద్యుత్తు అడుగంటినచో చేతిలో మిగులునది గాజుపలక మాత్రమే. పటము, దిక్సూచి, ఆకాశము అప్పుడు అక్కరకు వచ్చును.

ఈ పాఠము చెప్పుకొనుటకు మంథని తగిన చోటు. వేదపండితులకు పేరుపొందిన ఈ ఊరిని మంత్రపురి అనియు పిలుతురు. సూర్యసిద్ధాంతమున మూడవ అధ్యాయము త్రిప్రశ్నాధికారము. దిక్కు, దేశము, కాలము: ఆ మూడు ప్రశ్నలు ఇవియే.

మొదటి ప్రశ్నకు ఒక కొయ్యమేకు చాలును. చదునైన నేలపై దానిని నిలువుగా నాటి, చుట్టును వృత్తము గీయవలెను. ఉదయపు నీడ కురుచయగుచు దాని కొన వృత్తమును తాకిన చోట ఒక గుర్తు. ప్రొద్దు వాలిన పిమ్మట పెరుగుచు మరల తాకిన చోట ఇంకొక గుర్తు. మొదటిది పడమర, రెండవది తూర్పు. యజ్ఞవేదికకై కాత్యాయన శుల్బసూత్రము చెప్పిన పద్ధతి ఇదియే. అయితే నడిప్రొద్దు నీడ ఎల్లప్పుడును ఉత్తరమునకే పడునని నమ్మరాదు. మంథని అక్షాంశము పదునెనిమిదిన్నర డిగ్రీలకు పైచిలుకు. మే మధ్యనుండి జూలై చివరివరకు మధ్యాహ్న సూర్యుడు ఈ ఊరి నడినెత్తికి ఉత్తరముగా నుండును. ఆ దినములలో నీడ దక్షిణమునకు పడును. ఈ సంగతి ఎరుగనివాడు మిట్టమధ్యాహ్నమే దారి తప్పగలడు.

రాత్రి పాఠమును మనవారు పెండ్లితోనే ముడిపెట్టిరి. పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపును. అరుంధతి వసిష్ఠుని చెంత, వసిష్ఠుడు సప్తర్షులలో. ఆ సప్తర్షులలో పులహునినుండి క్రతువు మీదుగా రేఖను సాగించి, వారి నడిమి దూరమునకు ఐదింతలు పోయినచో ధ్రువుడు కనిపించును. క్షితిజమునుండి ధ్రువుని ఎత్తు ఎన్ని డిగ్రీలో, ఆ చోటి అక్షాంశము ఇంచుమించు అన్ని డిగ్రీలు. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. మంథనిలో ధ్రువుడు రెండు పిడికిళ్లకు కొంచెము తక్కువ. ధ్రువుని చుట్టు సప్తర్షులు గంటకు పదునైదు డిగ్రీల చొప్పున తిరుగుదురు గనుక కాలమును తెలియును.

మబ్బు కమ్మిన రాత్రి? అప్పుడు నేలనే చదువవలెను. గోదావరి మంథనికి ఉత్తరమున ప్రవహించి, ఈశాన్యముగా సాగి కాళేశ్వరమువద్ద ప్రాణహితను కలుపుకొనును. పటమున ఈ ఒక్క రేఖను గుర్తుంచుకొన్నవాడు, ఊరికి దక్షిణమున ఎంత తిరుగులాడినను, ఉత్తరమునకు నడచినచో నదిని చేరక తప్పదు.

దిక్కులు, దూరములు కొలుచుట ఈ సీమలో ఒకప్పుడు ప్రాణములతో చెలగాటము. 1802లో మద్రాసున లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వేలో సహాయకుడైన జార్జి ఎవరెస్టు, 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులను కొలువవచ్చెను. త్రిభుజమున ఒక భుజమును, రెండు కోణములను కొలిచినచో తక్కిన భుజములు లెక్కకు వచ్చును. అందులకు ఒక కొండనుండి వేరొక కొండ స్పష్టముగా కనిపించవలెను. వేసవి దుమ్ములో అది కనిపించదు. వానలు గాలిని కడిగిన పిమ్మటనే కనిపించును. కావుననే వారు వానకాలమున అడవి చొచ్చిరి. చూపునకు మంచిదైన ఋతువే దేహమునకు చేటైనది. యెల్లాపురం అడవులలో జ్వరము బృందమునంతను పడగొట్టినది. హైదరాబాదునకు మరలివచ్చుచు కొందరు దారిలోనే మరణించిరి. ఆనాటివారు అడవిగాలి చెడ్డదనుకొనిరి. మలేరియాకు దోమయే వాహకమని రొనాల్డ్ రాస్ సికిందరాబాదున కనిపెట్టుటకు 1897 రావలసివచ్చినది.

ఎవరెస్టు ఆరోగ్యమునకై గుడ్‌హోప్ అగ్రమునకు పోయి తిరిగివచ్చెను. 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో మరణింపగా ఆ పనికి అతడే పెద్దయయ్యెను. 1865లో లోకమున మిక్కిలి ఎత్తైన శిఖరమునకు అతని పేరు పెట్టిరి. వానలో కొండకొనపై జెండా పట్టి నిలిచిన కలాసీల పేర్లు ఏ గుట్టకును లేవు. మనము నేడు చేతిలో తేలికగా చూచు పటమునకు పునాది వారి నిలుకడ.

గోదావరి ఒడ్డున ఈ విద్య నేర్వగోరు యువకులు బకెట్టు వెదకుటకు ముందు ఒక్క మాట నేర్వవలెను: దారి తప్పితినని తోచిన క్షణమున నడక ఆపుట. తొందరపడి వేసిన అడుగులే మనిషిని మరింత దూరము కొనిపోవును. నిలిచి, నీడను చూచి, ధ్రువుని వెదకి, నది ఎటున్నదో తలచుకొన్నవాడు దిక్కులేనివాడు కాడు.